ఎంకపల్లి బస్సెక్కిన ప్రొద్దుటూరు పిల్లలు

ఐటీ ఊపు మీదున్న రోజులవి. నాతో చదివినవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ కొలువుల కోసం అమీర్‌పేటలో కోర్సులు చేస్తుంటే, నేను మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. చేవెళ్లలో మా దుకాణం ముందే బస్సెక్కేదాన్ని. ప్రోగ్రామును ఫంక్షన్లనే చిన్న చిన్న ముక్కలుగా రాసే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ పాఠం ఎవరికీ వద్దు గనుక, కొత్తదాన్నని నాకు అంటగట్టారు. చెప్పగా చెప్పగా నాకే అది తెగ నచ్చేసింది.

అదే ఏడు కాలేజీ బస్సుల లిస్టు పని కూడా నా మీద పడింది. విద్యార్థులు తమ స్టాపు పేరు ఫారం మీద రాసిస్తారు. దాన్నిబట్టి ఎవరికి ఏ బస్సో తేల్చాలి. క్లాసులో చెప్పే భాషలోనే ప్రోగ్రాం రాసేశాను. ఒకటే ఫంక్షను, రెండు వందల పైచిలుకు లైన్లు. ఫైలు చదవడం, ఊరు పోల్చడం, సీట్లు చూడడం, లిస్టు అచ్చు వేయడం, అన్నీ అందులోనే. సోమవారం పొద్దున లిస్టు నోటీసు బోర్డుకు అంటించి, గర్వంగా రెండుసార్లు అటువైపు నడిచాను.

సాయంత్రం ఎంకపల్లి బస్సు డ్రైవరు ల్యాబుకొచ్చాడు. నాకన్నా పదేళ్లు పెద్దవాడు.

"మేడం, గీ లిస్టు మీరే చేసిన్రా?"

"అవునన్నా. ఏమైంది?"

"శంకర్‌పల్లి కాడి ప్రొద్దుటూరోళ్ళు పదకొండు మంది నా బండిల కూసున్నరు. ఆళ్ళ బండేమో ఖాళీగున్నది. ముందుగాల మీరు ఊరు చూసిన్రా, సీట్లు చూసిన్రా?"

తెర మీద పైకీ కిందికీ వెతికాను. ఊరు పోల్చే చోటే సీట్ల లెక్క ఉంది, దాని మధ్యలోనే అచ్చు వేసే లైన్లున్నాయి. నేను రాసిందే నాకు అంతుబట్టలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. ఇయ్యాల్టికి నేనే ఆళ్ళ బండెక్కిచ్చి వస్త" అని వెళ్ళిపోయాడు.

ఒక ఫంక్షను ఒకే పని చేయాలని ఆ పొద్దునే క్లాసులో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి వచ్చాను.

మర్నాడు ల్యాబులో నా ప్రోగ్రామునే అచ్చు తీసి అందరికీ పంచాను. "ఇది మంచిగ లేదు. రాసింది నేనే. ఎట్ల విడగొడదామో చెప్పుండ్రి" అన్నాను. రెండో బెంచీలో ఒకమ్మాయి లేచింది.

"మేడం, మాది ప్రొద్దుటూరే. నిన్న ఎంకపల్లి బండెక్కిన."

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. తప్పు ఎక్కడుందో కనిపెట్టింది కూడా ఆ అమ్మాయే.

"మా ఊరి పేరు ఇంగ్లీషుల ఒక్కొక్కలు ఒక్కోతీరుగ రాసిన్రు మేడం. తెల్వని స్పెల్లింగ్ వస్తే మీ ప్రోగ్రాం లిస్టుల మొదటిదైన ఎంకపల్లి బండిల ఏస్తున్నది."

"మరి ఎట్ల చేద్దాం?"

"తెల్వకపోతే తెల్వదనే చెప్పాలె. పక్కకు పెట్టాలె."

ఆ రెండు గంటల్లో అందరం కలిసి దాన్ని విడగొట్టాం. రాసిన పేరును స్టాపుగా గుర్తుపట్టేది ఒక ఫంక్షను. గుర్తుపడితే స్టాపు ఇస్తుంది, లేదంటే తెలియదని చెబుతుంది. స్టాపును బట్టి రూటు తేల్చేది ఇంకొకటి. రూటులోని వాళ్ళను బస్సుల్లో సర్దేది మూడోది. వీటిలో దేనికీ ఫైలు గొడవ లేదు, ప్రింటరు గొడవ లేదు. ఇచ్చింది తీసుకుని జవాబివ్వడమే. చదవడం మొదట్లో, అచ్చు వేయడం చివర్లో. ఫైలు తెరవకుండానే ప్రొద్దుటూరుకు ఎన్ని స్పెల్లింగులున్నాయో అన్నీ టైపు చేసి, ఒక్కొక్కటీ ఏమంటుందో చూశాం. పిల్లలు కావాలనే వంకర స్పెల్లింగులు కనిపెట్టారు.

గురువారం కొత్త లిస్టు వచ్చింది. నాలుగు ఫారాలు మాత్రం పక్కకొచ్చాయి. అందులో ఒకదాని మీద 'మా మామ హోటల్ ముందు' అని ఉంది. డ్రైవరుకు చూపించాను.

"గిది నాకెరుకే. చిల్కూరు మలుపు కాడ. రోజు ఆడనే చాయ్ తాగుత."

ఏడాది మధ్యలో శంకర్‌పల్లి వైపు ఇంకో బస్సు వేశారు. ఈసారి ఎంతమందిని ఎక్కడికి పంపుతానోనని ఎంకపల్లి డ్రైవరు నా వెనకే నిలబడ్డాడు. సర్దే ఫంక్షనులో రెండు లైన్లు మార్చి లిస్టు చేతిలో పెట్టాను. ప్రొద్దుటూరు పేర్లు వేలితో ఒక్కొక్కటీ చూసుకున్నాడు.

"పని గింతేనా మేడం?"

"గింతేనన్నా."