ఉప్పులో ఊరేసిన నీలిరాయి

బందరు కాలేజీలో ల్యాబ్ అటెండర్‌గా రిటైరైన నాంచారయ్యకు రాళ్లు పోగేసే పిచ్చి. మంగినపూడిలో వాళ్లమ్మ చేపలు ఎండబెట్టి అమ్మేది. ఈయనేమో షోకేసు నిండా రాళ్లు పేర్చాడు. వాటిలో ఆయన ప్రాణమంతా నిరుడు ఓ మిత్రుడు పంపిన మైలుతుత్తం స్ఫటికం మీదే. రైతులు పురుగుమందుల కొట్లో కొనే సరుకు కాదది. రాగి గని గోడన దానంతటదే పుట్టింది. అలాంటిది దొరకడం చాలా అరుదు.

"ఈ నీలమంతా లోపలున్న నీళ్లదేనండీ. వేడి చేస్తే తెల్లగా పొడైపోద్ది, తడి తగిలితే కరిగిపోద్ది. నోట్లో పెట్టారంటే విషం," అని చూడవచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఇంటి గోడలే చెమర్చాయి. రాయికి చెమ్మ తగులుతుందని ఆయనకు బెంగ పట్టుకుంది. ముప్పై ఏళ్లు ల్యాబులో చూసిందంతా మరిచి, చిన్నప్పుడు అమ్మ దగ్గర నేర్చిన పని చేశాడు. జాడీలో కల్లుప్పు పోసి, వంజరం ముక్కను ఊరేసినట్టు రాయిని మధ్యలో పూడ్చి, పైన గుడ్డ కట్టాడు.

ముసురు వెలిశాక విప్పి చూస్తే ఉప్పు సగం నీరైపోయింది. నీలిరాయి జాడ లేదు. ఆకుపచ్చటి ముద్ద మిగిలింది.

భార్య మాధవి తొంగిచూసింది. "చేపైతే పులుసన్నా పెట్టేదాన్నండీ."

మూడో రోజు నాంచారయ్య ఆ జాడీనే షోకేసు నడిమధ్య పెట్టాడు.

"నీలిరాయిదేముందండీ, గనిలో ఇంకోటి పుడుద్ది," అంటున్నాడిప్పుడు. "ఇది మాత్రం మా వంటింటి జాడీలో తప్ప ఇంకెక్కడా దొరకదు."