కుండ కింద మనిషి

రాజబాబు సనావుల్లాతో వేసుకున్న తగువు నా కళ్ళారా చూశాను. గెలిచింది రాజబాబే. ఆ తర్వాత ఈకలు పీకింది మాత్రం నేను.

ఈ గల్ఫు దేశంలో మఫ్రఖ్ దాటి ఎడారిలో ఇంకా చాలా లోపలికి వెళ్తే మా అర్బాబ్, అంటే మా యజమాని తోట వస్తుంది. అందులో ఒక చెరువు. అది ఒకప్పుడు కంకర కోసం తవ్విన గొయ్యి, ఊట పడి నిండిపోయింది. ఈ గట్టున నిలబడితే ఆ గట్టున ఉన్న మనిషి కాకంత కనిపిస్తాడు. లోతెంతో ఎవరూ చూసి రాలేదు. చలికాలం రాగానే అర్బాబ్ తాను పెంచిన బాతులను ఆ నీళ్ళ మీదికి వదులుతాడు. స్నేహితులను పిలిచి, వాటి మీదికి డేగలను వేటకు వదిలిస్తాడు. వలస వచ్చే పక్షుల జోలికి వెళ్తే జైలు, అందుకని సొంత బాతులే. ఆ బాతులు మాత్రం తక్కువవి కావు. డేగ నీడ పడిందంటే చెరువు నడిమధ్యకు చేరి కూర్చుంటాయి, చచ్చినా లేవవు. పడవ మీద వెళ్ళి వాటిని లేపడం, డేగ కొట్టింది నీళ్ళలో పడితే ఏరుకు రావడం రాజబాబు పని. వంట నా పని. మా ఇద్దరి మీదా పెత్తనం చేయడం సనావుల్లా పని. అతనిది హైదరాబాదు, తోటకు ముదీర్, అంటే మేనేజరు. ఇస్త్రీ చొక్కా నలగకుండా ఇసుకలో నడవగలడు.

ఆ రోజు వేట మొదలుకాక ముందే వచ్చి, "రాజబాబూ, ఇయ్యాల్టి నుంచి బాతుల ఈకలు గూడ నువ్వే పీకాలె. ఖాలా ముసల్దైపోయింది" అన్నాడు. ముసలిదన్నందుకు నేను గరిటె ఎత్తేలోపే రాజబాబు అందుకున్నాడు.

"నేను బోటోణ్ణండి. ఈకలు నా పని కాదండి."

"నీ వీసాల లేబర్ అని ఉన్నది. లేబర్ అంటే అన్ని పనులు."

"అన్నీ అంటే తమరి గడ్డం కూడా నేనే గీయాలాండీ?"

"జబాన్ సంభాల్ రే! పని చేస్తవా, వీసా క్యాన్సిల్ కొట్టాల్నా?"

రాజబాబు నేరుగా పోయి పడవెక్కి, చెరువు నడుమకు నడుపుకుపోయి, తెడ్డు లోపల పడేసి, తల కింద చేతులు పెట్టుకుని పడుకున్నాడు. ఉన్నది ఒకటే పడవ. తోటలో ఇంకెవరికీ తెడ్డు వేయడం రాదు. గేటు దగ్గర అతిథుల బళ్ళు దుమ్ము రేపుకుంటూ వస్తున్నాయి.

"అరే ఆజా రే! యల్లా!" సనావుల్లా గట్టు మీద చిందులు తొక్కాడు.

"మరి ఈకలండీ?"

"ఖలాస్! నువ్వు పీకకు!"

"ఇనబళ్ళేదండీ!"

సనావుల్లా ఈసారి గొంతు చించుకుని అరిచాడు. డేగలవాళ్ళ ముంజేతుల మీద కూర్చున్న డేగలు కూడా ఇటు తిరిగాయి. అప్పుడు లేచి తెడ్డు అందుకున్నాడు మహారాజు.

అదీ రాజబాబు. అతనిది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. నాది నరసాపురం దగ్గర. అందుకని నేను పిన్నినైపోయాను. కుదురు అన్నది ఆ మనిషి పుట్టుకలోనే లేదు. అన్నం నిలబడి తింటాడు. ఫోను మాట్లాడుతూ షెడ్డు చుట్టూ గిరగిరా తిరుగుతాడు. అవతల భార్య కల్పన, "ఒక్కచోట కూచుని మాట్లాడొచ్చుగా, గాలి తప్ప నీ మాట ఇనబడట్లేదు" అని తిట్టడం నా వంటింట్లోకి వినిపించేది. అల్ కుసైస్ క్యాంపులో ఉండి బిల్డింగు పనికి వెళ్ళాడు, నచ్చలేదు. షార్జాలో గోడౌనులో చేరాడు, నచ్చలేదు. కరోనా ఏడాది గదిలో పెట్టి తాళం వేస్తే కిటికీ ఊచలు పట్టుకుని ఊగేవాడట. తోటలో చెరువుంది, పడవ నడిపేవాడు కావాలి అనగానే జీతమెంతని కూడా అడగకుండా పరిగెత్తుకొచ్చాడు. తీరా గట్టెక్కి చూసి ముఖం ముడుచుకున్నాడు.

"ఇయ్యేం నీళ్ళు పిన్నీ? మా కొల్లేట్లో ఎక్కడ దిగినా కాలికి బురద తగులుద్ది. మనిషికి ధైర్యంగా ఉంటది. ఇది అడుగు కుట్టని సంచిలాగుంది."

"పడవలో తిరిగేవాడివి, అడుగుతో నీకేం పనిరా?" అన్నాను.

పోయిన చలికాలం ఒక సాయంత్రం అర్బాబ్ స్నేహితులు డేగల గొప్పలు చెప్పుకుంటున్నారు. డేగ లేకుండా ఈ బాతును పట్టే మొనగాడు లేడని ఎవరో అన్నారు. కాఫీ అందిస్తున్న రాజబాబు ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. వచ్చీరాని హిందీలో, "నేను చేత్తో పడతా" అన్నాడు. అందరూ నవ్వారు. అర్బాబ్ మాత్రం నవ్వలేదు, శనివారం చూపించు అన్నాడు. సనావుల్లా ఆ మాటను తెలుగులోకి మార్చి, పైన తన ముక్క కూడా ఒకటి కలిపాడు: "పట్టలేదనుకో, ఊరికి టికెట్ నేనే బుక్ చేస్తా. కిటికీ సీటు."

రాజబాబు అబద్ధం చెప్పలేదు. కొల్లేట్లో పక్షుల వేట నిషేధించక ముందు వాళ్ళ నాన్న అలాగే పట్టేవాడు. ముందు ఉత్త కుండలను నీళ్ళ మీద వదిలేస్తారు. పక్షులు వాటికి అలవాటు పడతాయి. తర్వాత వేటగాడు కళ్ళకు కంతలు చేసిన కుండ ఒకటి తలమీద బోర్లించుకుని, మెడ దాకా నీళ్ళలో మెల్లగా నడిచిపోతాడు. బాతు పక్కకు చేరి కింద నుంచి కాళ్ళు పట్టి లాగి, మొలతాటికి కట్టుకుంటాడు. పక్కనున్న బాతుకు కూడా తెలియదు.

డ్రైవరు షార్జా నుంచి మట్టికుండలు తెచ్చి ఇచ్చాడు. రాజబాబు వాటిని పడమటి గట్టున వదిలాడు. అక్కడ కొంత మేర నీళ్ళు మెడలోతే, ఆ తర్వాత ఒక్కసారిగా గొయ్యి. మొదట బాతులు కుండలను చూసి దూరం జరిగాయి. తర్వాత వాటి మధ్యనే ఈదాయి. ఒక బాతు కుండను ముక్కుతో పొడిచి చూసి, ఏమీ లేదనుకుని తన దారిన తాను పోయింది. కుదురు లేని మనిషి ఆ వారమంతా గట్టున బొమ్మలా నిలబడి అదే చూశాడు. నాకు గుబులు పట్టుకుంది.

"ఒరేయ్, గొయ్యి ఎక్కడ మొదలైందో అక్కడో కర్ర పాతుకోరా" అన్నాను.

"కర్రేటి పిన్నీ, ఊరుకో. పుట్టినకాణ్ణుంచీ నీళ్ళలో నడిసిన కాళ్ళు. ఆటికి తెలీదా?"

"ఆ కాళ్ళు కొల్లేటివి. ఇది కంకర గొయ్యి."

వింటే కదా.

శనివారం పొద్దున గట్టు మీద తివాచీలు పరిచారు. అర్బాబ్ తల్లి కూడా వచ్చి కారులోంచే చూస్తోంది. పెద్ద మేడమ్ అంటాం ఆవిడను. నేను వండితేనే తింటుంది. రాజబాబు తలమీద కుండ బోర్లించుకుని దిగాడు. కాసేపటికి ఏది మామూలు కుండో, ఏది మనిషి కుండో నాకే తెలియలేదు. ఉన్నట్టుండి ఒక బాతు మాయమైంది. అరుపు లేదు, రెక్కల చప్పుడు లేదు. అతిథులు కాఫీ మరిచిపోయారు. ఇంకొకటి మాయమైంది. సనావుల్లా నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

మిగిలిన బాతులు నెమ్మదిగా లోపలికి జరిగాయి. ఒక కుండ వాటి వెనకే కదిలింది. కొంత దూరం పోయి ఆగింది, ఒక పక్కకు ఒరిగి, బుడుంగున మునిగింది. నీళ్ళు మళ్ళీ నున్నగా అయిపోయాయి. అదీ ఆటలో భాగమే అనుకుని అతిథులు చప్పట్లు కొట్టారు.

"సనావుల్లా! మనిషి పోతున్నాడురా!" అని అరిచాను. నిజం చెప్పాలి, అతను ఇస్త్రీ చొక్కాతోనే పడవలోకి దూకాడు. కానీ తెడ్డు చేతకాక పడవ ఉన్నచోటే సుడి తిరిగింది. ఈలోగా గట్టుకు దగ్గరగా రాజబాబు తల పైకి లేచింది. మెడలోతులో నిలబడి, మొలతాటికి కొట్టుకుంటున్న బాతులను రెండు చేతులా ఎత్తి చూపించి నవ్వాడు. గట్టంతా ఒకటే కేకలు. దగ్గరికి వచ్చాక చూశాను, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఎండ చురుక్కుమంటోంది.

అర్బాబ్ భుజం తట్టి, వచ్చే శనివారం ఇంకా పెద్దవాళ్ళు వస్తున్నారు, మళ్ళీ చెయ్యి, ఈసారి ఇంకా లోపలికి వెళ్ళు అన్నాడు. రాజబాబు "ఆయ్" అన్నాడు. ఎవరో తీసిన వీడియో సాయంత్రానికల్లా కొల్లేరు చేరింది. కల్పన ఫోను చేసి, ఊరంతా మా ఇంట్లోనే ఉంది, మీ నాన్న పేరు నిలబెట్టావంటున్నారు అని మురిసిపోయింది. ఆ రోజు అతను నిలబడే మాట్లాడాడు. షెడ్డు చుట్టూ తిరగలేదు.

మర్నాటి నుంచి మనిషి మారిపోయాడు. పడవను గట్టు మీదికి లాగి కడగడం, తుడవడం, మళ్ళీ కడగడం. బాతులకు మేత కూడా గట్టు మీద నుంచే విసిరాడు. ఒకసారి పడవలో కాలు పెట్టబోయి, నిప్పు తొక్కినట్టు వెనక్కి లాక్కున్నాడు. చెట్టు చాటు నుంచి చూస్తున్న నన్ను గమనించి, "చెప్పు తెగింది పిన్నీ" అన్నాడు. కాలికి చెప్పే లేదు.

గురువారం పొద్దున వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను పెద్ద మేడమ్‌కి గంజి కాస్తున్నాను. పని ఉంటే చెప్పు, లేకపోతే వెలుతురుకు అడ్డం లెగు అన్నాను. లోపలికొచ్చి నేలమీద చతికిలబడ్డాడు. ఆ మనిషి అలా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

"ఆ రోజు ఏమైందో తెలుసా పిన్నీ? నాకు ఈత రాదా, బెమ్మాండంగా వచ్చు. కానీ కుండ నిండిపోయి మూతలాగా తల మీద కూచుంది. ఈత కొట్టాల్సిన కాలు నేల కోసం ఎతుక్కుంది. ఇప్పుడు తగులుద్ది, ఇప్పుడు తగులుద్ది అని దిగుతానే ఉంది. కుండ తోసేసి ఎలా పైకొచ్చానో నాకే తెలీదు. పడుకుంటే ఇప్పటికీ అలాగే దిగుతంది."

"దానికేముందిరా, శనివారం లేవకుండా పడుకో. జ్వరమని నేను చెబుతాను."

తల అడ్డంగా ఊపాడు.

"నేనే చెబ్దామని అర్బాబ్ కాడికి ఎళ్ళాను పిన్నీ. ఆయన నవ్వి భుజం తట్టేసరికి నోట్లోంచి మళ్ళీ ఆయ్ అనే వచ్చేసింది. పెద్ద మేడమ్ మాట ఆయన దాటడు. నువ్వు ఆవిడతో చెప్పు. జొరమని మాత్రం చెప్పకు, జొరమంటే ఆ పై శనివారం దింపుతారు. రాజబాబుకి భయమేసింది, ఇంక నీళ్ళలో దిగడు అని చెప్పు. సనావుల్లా పక్కనున్నా సరే, అలాగే చెప్పు."