అట్టముక్క మీది బోల్టులు

గోడకు మేకు కొట్టాలన్నా ముందు పెన్సిలుతో గీత గీసి, ఆ గీతను ఇంకోసారి కొలిచి, అప్పుడు సుత్తి అందుకునే మనిషి ఆయన. తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారి. బావమరిది ఆయనకు పెట్టిన పేరు 'కొలబద్ద'.

ఆ ఆదివారం పొద్దున కారు కింద మడుగు కనిపించింది. ఇంజనుకు చల్లటి నీరు తిప్పే వాటర్ పంపు అరిగిపోయింది. మరునాడే భార్యకు డ్రైవింగు పరీక్ష. బండి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఆమె కాలికి అలవాటైనది ఈ క్లచ్చొక్కటే. కిందటిసారి బండిని వెనక్కి తీస్తూ స్టీరింగు అటుది ఇటు తిప్పి తప్పింది. "వెనక్కెళ్లినా ఎడమ ఎడమే కదా, తికమకెందుకు?" అని ఆయన ఇంటికొచ్చే దారంతా పాఠం చెప్పాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"మెకానిక్‌ని పిలవరాదా బావా?" అన్నాడు పక్కనే నిలబడ్డ బావమరిది.

"ఆదివారం దొరకడు."

"దొరకడా, దొరికినా మీ కంటికి ఆనడా?"

ఆయన పని మొదలుపెట్టాడు. పంపును పట్టి ఉంచే బోల్టుల్లో కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. తారుమారు కాకుండా అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి, విప్పిన ప్రతి బోల్టునూ దాని స్థానంలోనే గుచ్చాడు. మొనలు కిందికి పొడుచుకొచ్చి అట్ట బల్ల మీద నిలవలేదు. దాన్ని బోర్లించి, తలలు కిందికీ మొనలు పైకీ ఉండేలా పెట్టాడు. అంకెలు వేయలేదు. స్థానమే గుర్తని ఆయన నమ్మకం.

కొట్టు నుంచి కొని తెచ్చిన కొత్త పంపు బిగించి నీళ్లు పోశాడు. అంచు నుంచి చుక్క రాలింది. స్పానర్ మీద బరువంతా వేశాడు. బోల్టు కదలదు, చుక్క ఆగదు. వేలి కణుపులు చెక్కుకుపోయాయి.

"మీ కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి బావా. నీళ్లకే చదువు లేదు."

"నువ్వు లోపలికి పో."

పళ్లు బిగబట్టి మళ్లీ అంతా విప్పి, బోల్టుల్ని వచ్చినవి వచ్చినట్టే అట్టలో గుచ్చాడు. నీళ్లు కారకుండా పంపుకూ ఇంజనుకూ మధ్య వేసే గాస్కెట్ తడిసి చిరిగింది. ఏదైనా రెండేసి కొనే అలవాటుంది కాబట్టి ఇంకొకటి మిగిలింది. అదీ పాడైతే పరీక్ష పోయినట్టే.

దీపం పట్టుకుని వచ్చిన భార్య అట్టను వంచి చూసింది.

"బొమ్మ అడుగున ఉందేమిటండీ?"

"బోర్లించాను. నిలవకపోతే."

"బోర్లిస్తే ఎడమ వైపుది కుడికి పోదూ?"

ఆయన చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు. ఒక సన్నని పుల్లతో రంధ్రాల లోతు కొలిచాడు. పొడుగు బోల్టు లోతులేని రంధ్రంలో అడుగు తగిలి ఆగిపోయింది. అది బిగిసినట్టు అనిపించిందే గానీ, పంపును అదిమి పట్టలేదు. పొద్దుటి నుంచీ తిట్టుకున్నది పంపును, గాస్కెట్‌ను, అమ్మిన కొట్టువాడిని. ఇప్పుడు తిట్టుకోవడానికి మిగిలింది ఒక్కడే.

బోల్టులు మార్చి బిగించాడు. ఇంజను వేడెక్కి, ఫ్యాను తిరిగి ఆగేదాకా నేల పొడిగానే ఉంది.

ఆమె వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది. గేటు వైపు వెనక్కి తీయాలి. ఆయన అలవాటుగా చేయెత్తాడు.

"ఎడమకి..."

ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"బోర్లించకముందుదా, బోర్లించాకదా?"

ఆయన చేయి దించి, గేటు తీయడానికి నడిచాడు.