జారే తీగ

నరసాపురం బస్టాండు బెంచీ మీద కూర్చుని నా బేస్ గిటార్‌కి కొత్త తీగలు ఎక్కిస్తున్నాను. పైన సన్నటి ప్లాస్టిక్ పూత ఉన్న తీగలు వాడటం నాకదే మొదలు. సాయంత్రమే నా మొదటి ప్రోగ్రాం. బస్సుల హోరులో శ్రుతి వినబడటం లేదు. వేలు ఆనిస్తే తీగ సబ్బులా జారిపోతోంది. వదులుగా ఉందనుకుని, భయంతో ఇంకా ఇంకా బిగించాను. గిటార్ మెడ కిర్రుమంది.

ఎడమ పక్కన వలల మూటతో కూర్చున్న పెద్దాయన చటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆపండి బాబూ! ముందు మొహం అవతలకి తిప్పండి."

"వదులుగా ఉందండి," అన్నాను.

"వదులు కాదండి, నున్నగా ఉందంతే. మాది మొగల్తూరు, సముద్రంలో వేటకెళ్తాం. కొత్త నైలాన్ తాడు చేతికి జారుతుంటే నేనూ వదులనే అనుకున్నాను. బోటు ఇంజన్‌తో ఇంకా లాగించాను. తెగి మొహానికి కొట్టింది."

అప్పుడు పూర్తిగా నా వైపు తిరిగారు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట కుట్ల మచ్చ ఉంది.

పట్టుకున్న నా చేతిని ఆయన వదల్లేదు. ఇద్దరం కలిసి తీగ బిగించే బిరడాను మెల్లగా వెనక్కి తిప్పాం.

ప్రోగ్రాం బాగానే జరిగింది. ఇప్పటికీ కొత్త తీగ బిగిస్తుంటే నా ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోతుంది.