మామ జేబులో ఫ్యూజులు

కోదాడ దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఆఫీసరుని. కొత్తగా చేరిన కాంట్రాక్టు కూలీలకు పాత ప్రమాదాల చరిత్ర చెప్పడం నా పనుల్లో ఒకటి. గ్యాసు లీకై నిద్రలోనే పోయిన బస్తీ, బయట తాళం వేసి ఉండగా కాలిపోయిన బట్టల మిల్లు, పేలిన బాయిలరు. ఒక్కోదానికి మూడు ముక్కలు రాసుకుంటాను: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఆ తర్వాత ఏ రూలు వచ్చింది. మొన్న సోమవారం క్లాసు ముగుస్తుంటే వెనక కూర్చున్న వెల్డరు చెయ్యెత్తాడు. "ఇవన్నీ ఎక్కడెక్కడో జరిగినయ్యండి. మీ చేతుల మీద ఎప్పుడైనా ఏమన్నా అయ్యిందా?" లేదన్నాను. అబద్ధం కాదు, ఏమీ కాలేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేను కూర్చోగానే బల్ల దగ్గర మాటలు ఆగాయి, ఒకాయన పక్కన పెట్టిన హెల్మెట్ తీసి తలకు పెట్టుకున్నాడు. ఇది రోజూ ఉండేదే. వాళ్లు లేచి వెళ్లాక ఒక్కడినే తింటూ మామను తలచుకున్నాను.

మామ అంటే మా అమ్మకు అన్న, మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఫిట్టరు. డిప్లొమా అయ్యాక ఒక సీజను నేనూ అక్కడే సూపర్‌వైజరుగా చేశాను, ఉండటం మామ ఇంట్లోనే. పొద్దున్నే ఇద్దరం నడిచి వెళ్లేవాళ్లం. ఉడికిన వడ్ల వాసన మిల్లు కన్నా ముందే ఎదురొచ్చేది. గేటు బయట హాలియా, వేములపల్లి నుంచి వచ్చిన ట్రాక్టర్లు బారులు తీరి ఉండేవి. మామకు ఒక అలవాటుంది. ఏ మిషను మీద పని ఉన్నా ముందు దాని మూడు పింగాణీ ఫ్యూజులు పీకి అంగీ జేబులో వేసుకునేవాడు. ఆ బరువుకు జేబులు చిరుగుతున్నాయని అత్త వాటిని రెండు పొరలుగా కుట్టేది. ఒక్కోసారి పని అయిపోయినా అవి జేబులోనే మర్చిపోయి అన్నానికి ఇంటికి వెళ్లేవాడు. ఆ గంటసేపూ మిల్లు ఆగేది, హమాలీలు నా మీద పడేవాళ్లు. "సారూ, మిల్లు గీడ లేదు, మీ మామ జేబుల ఉన్నది. పోయి అడుక్కరాపో." నాకు తలకొట్టేసినట్టుండేది. ఇంకో మూడు ఫ్యూజులు తెప్పించి, ఫ్యూజుల బోర్డు కింద డబ్బాలో పెట్టి, మీద చీటీ అంటించాను. వడ్లను బకెట్లతో పైకెత్తే ఎలివేటరు మొదలుపెట్టే ముందు చూడాల్సినవి ఏడు వరుసలుగా రాసి గోడకు తగిలించాను. దస్తూరీ బాగుందని గుమస్తా కూడా మెచ్చుకున్నాడు.

ఒకరోజు అన్నం వేళకు ఎలివేటరు ఆగి ఉంది, బోర్డులో ఫ్యూజులు లేవు, మామ కనిపించలేదు. మళ్లీ ఇంటికి పట్టుకుపోయాడనుకున్నాను. ఏడు వరుసలూ చూసి, టిక్కులు పెట్టి, డబ్బాలోవి బిగించి స్విచ్చు వేశాను. మోటారు తిరిగింది కానీ ఎలివేటరు కదల్లేదు. ఎందుకో చూద్దామని వెళ్లి ఎలివేటరు అడుగున ఉన్న గుంటలోకి వంగాను. కింద మామ ఉన్నాడు. ఇరుక్కున్న గడ్డి లాగడానికి కుడిచెయ్యి భుజం దాకా బకెట్ల మధ్యకు పోనిచ్చి, తల పైకెత్తి మోటారు చప్పుడు వింటున్నాడు.

మెల్లగా పైకొచ్చాడు. "ఎవరేసిన్రు?"

"నేనే మామా. నువ్వు బువ్వకు పోయినవనుకున్న."

స్విచ్చు ఆపి, నా ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి రెండో జేబులో వేసుకున్నాడు. "ఫ్యూజులు బజార్ల దొరుకుతయి గద అల్లుడా. అందుకే నేను మోటారు బెల్టు గూడ తీస్త" అన్నాడు. అంతే. మిల్లులో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అత్తకూ చెప్పలేదు, పైగా పొద్దుందాకా నిలబడ్డ పిల్లగాడంటూ నాకు పెరుగు ఎక్కువ వేయించాడు.

కొన్ని రోజులకు గమనించాను. గుంటలో పని పడితే మామ అడిగేవాడు: "ఇయ్యాల నీదే డ్యూటీనా అల్లుడా? అయితే రేపు సూస్త." నా డ్యూటీ లేని పూట దిగేవాడు. నా కాగితం చింపి, లోపల మనిషి ఉన్నాడేమో వెళ్లి చూడాలని మొదటి వరుసగా పెట్టి మళ్లీ రాశాను. ఆయన అది చదివి తల ఊపాడు. ఒకరోజు నేనే అన్నాను, "మామా, ఇయ్యాల దిగు. నేను స్విచ్చు కాడనే నిలబడ్త, ఎవర్నీ రానియ్య." గుంట వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నడుము గుంజుతున్నది అల్లుడా" అన్నాడు. మర్నాడు నేను లేనప్పుడు దిగాడని హమాలీలు చెప్పారు. కోపమేమీ లేదు. పొద్దున్నే కలిసి నడిచేవాళ్లం, రాత్రి పక్కపక్కనే అన్నానికి కూర్చునేవాళ్లం, నవ్వించేవాడు కూడా. సీజను అయిపోయేదాకా అంతే, నేనున్న పూట గుంటలోకి మాత్రం దిగలేదు. అంత దగ్గర కూర్చుని అంత ఒంటరిగా నేను ఎప్పుడూ అన్నం తినలేదు.

ఇప్పుడు నా సంతకం లేనిదే ఈ ఫ్యాక్టరీలో ఎవరూ ఏ మిషను లోపలికీ వెళ్లరు. సంతకం చూసుకుని, నా ముఖమైనా చూడకుండా దిగిపోతారు. మామ పని మానేసి సూర్యాపేటలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఆదివారం బస్సెక్కి వెళ్లి, చాయ్ తాగుతూ, ఇన్నేళ్లకు అడిగాను: "మామా, ఇప్పుడు నేను బయట నిలబడితే గుంటలకు దిగుతవా?"

మామ నవ్వాడు. "గీ మోకాళ్లు వంగుతున్నయారా, గుంటలకు దిగెతందుకు?"

నిజమే, వంగడం లేదు. అవి వంగే రోజుల్లో దిగమన్నానే కానీ, నేనుంటే ఎందుకు దిగవని అడగలేదు. ఆ జవాబు చెప్పాల్సిన వయసును ఆయన ఎప్పుడో దాటిపోయాడు.