సుబ్బారావు గారి కుడి, నాకు ఎడమ

ఉదయం అయిదుంబావుకి వదిన ఫోన్ చేసింది. కూతురి పురుడని ఆవిడ నెల్లాళ్ళుగా హైదరాబాదులో ఉంది. "నిన్న సాయంత్రం గాలివాన మొదలైనప్పుడు మాట్లాడారు లలితా. అప్పట్నుంచీ ఫోన్ కలవట్లేదు. తోటలో ఒక్కరే ఉన్నారు," అంది.

మా అన్నయ్యకి అరవై రెండేళ్ళు, షుగరు కూడా ఉంది. చాట్రాయి వైపు ఆరెకరాల మామిడితోట ఉంది, కోతల రోజుల్లో అక్కడే మోటారు గదిలో పడుకుంటాడు. ఆ గది పైకప్పు మీదికి ఒక లావుపాటి కొమ్మ వంగి ఉంటుంది. నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ కొమ్మే.

ఆరింటికి విజయవాడలో నూజివీడు బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇచ్చారు. అటు వెళ్ళాలనుకునేవారికి ఒక మాట: పేరు చూసి నూజివీడు స్టేషన్లో రైలు దిగకండి, అది హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది, ఊరు ఇంకా చాలా దూరం. బస్సే నయం. ఏడున్నరకి నూజివీడు బస్టాండులో దిగి నాలుగు ఇడ్లీలు కట్టించుకున్నాను గానీ తినకుండానే సంచిలో పెట్టేశాను.

తోటకి అంతకుముందు రెండుసార్లు వెళ్ళాను. కారు వెనకసీట్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళిన మనిషికి దారేం తెలుస్తుంది? అందుకని అన్నయ్య దగ్గర కాయ కొనే సుబ్బారావు గారికి ఫోన్ చేశాను.

"చెట్లు పడిపోయి మావాళ్ళు ఇంకా కదల్లేదమ్మా," అన్నారాయన. "అడ్డరోడ్డు దగ్గర దిగి నడవండి. తాటిచెట్ల దగ్గర కుడికి తిరగండి, కోళ్ళఫారం దగ్గర ఎడమకి. అంతే, తోట."

ఎనిమిదింటికి చాట్రాయి బస్సు బయల్దేరింది. అరగంట పోయాక రోడ్డుకి అడ్డంగా చింతచెట్టు పడి ఉంది. కానిస్టేబుల్ చెయ్యి ఊపుతూ "తిప్పుకో, తిప్పుకో" అని అరిచాడు. బస్సు వెనక్కి మళ్ళింది. నా మొహం చూసి పక్కసీటావిడ, "కంగారు పడకండి. ఎగువ నుంచి చుట్టుకొస్తాడు," అంది.

"ఎగువంటే ఎటండీ?"

"ఎగువంటే ఎగువేనండీ, ఎటేంటి?"

మా విజయవాడలో సందు సందుకీ లెఫ్టూ రైటూ తప్ప వేరే మాట వినపడదు. ఇక్కడ ఆ బస్సులో గంటసేపట్లో ఆ రెండూ ఒక్కసారి కూడా వినలేదు. ఒకాయన ఊళ్ళోకి మళ్ళేచోట ఆపమన్నాడు. ఇంకొకావిడ డొంకలోకి దిగిపోతానంది. పొలం బాట పట్టడమంటే దిగడం, తిరిగి తారురోడ్డుకి రావడమంటే ఎక్కడం. నేల ఎత్తుపల్లాలే వాళ్ళకి దిక్కులు. మనసు బాగుంటే ఇవన్నీ సరదాగా రాసుకునేదాన్ని.

తొమ్మిదింబావుకి అడ్డరోడ్డు దగ్గర దిగాను. ఆటోల్లేవు. ఫోన్లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. తాటిచెట్ల దాకా నడిచి, సుబ్బారావు గారు చెప్పినట్టే కుడికి తిరిగాను. అటూ ఇటూ తోటల్లో పచ్చికాయ చెట్ల కింద పరుచుకుని ఉంది. ఇరవై నిమిషాలు నడిచినా కోళ్ళఫారం రాలేదు. ఎదురుగా తాళం వేసిన గేటొకటి వచ్చింది. అక్కడితో బాట అయిపోయింది. ఏడుపొచ్చేసింది.

వెనక్కి వస్తుంటే ఒక పెద్దాయన బాటకి అడ్డంపడిన కొమ్మల్ని ట్రాక్టరుకి కట్టి లాగుతున్నాడు. అన్నయ్య పేరూ, సంగతీ చెప్పాను.

"దారెవరు చెప్పారమ్మా?"

"సుబ్బారావు గారండీ."

పెద్దాయన నవ్వేశాడు. "ఆయన నీకు లారీ దారి చెప్పాడు. ఖాళీ లారీల్ని ఆయన మనుషులే దగ్గరుండి తోటలోకి తీసుకెళ్తారు. లోడెత్తాక డ్రైవరు ఒక్కడే రోడ్డెక్కాలి కదా, అప్పుడు ఫోన్ చేస్తాడు. సీజనంతా అదే చెప్పీ చెప్పీ ఆయనకి అదే నోట్లో ఉండిపోయింది. గుర్తుల వరస నీకోసం తిప్పాడు గానీ కుడెడమలు తిప్పలేదు. ఆయన కుడన్నది బయటికొచ్చే లారీకి కుడి. లోపలికెళ్ళే నీకు ఎడమ."

సుబ్బారావు గారిని మనసులో ఏమేం అన్నానో ఇక్కడ రాయను. "పద, ఎక్కు," అని పెద్దాయన ట్రాక్టరు మీద చోటిచ్చాడు. తారురోడ్డు దాటి ఎదురుగా ఉన్న డొంకలోకి దిగాం. కోళ్ళఫారం రాగానే "ఎలపటకి" అని తనలో తను అనుకుంటూ స్టీరింగు కుడివైపు తిప్పాడు. కాడికి కుడిపక్క కట్టేది ఎలపటెద్దు, ఎడమపక్కది దాపటెద్దు. ఆయన ఎడ్లని అమ్మేసి ఇరవై ఏళ్ళయిందట, ట్రాక్టరుని కూడా అలాగే అదిలిస్తున్నాడు.

తోట గేటు తీసే ఉంది. ఆ కొమ్మ విరిగి మోటారు గది మీద పడి ఉంది. రేకు ఒక మూల బద్దలైపోయింది. పెద్దాయనే ముందు దిగి కేకేశాడు.

"ఎవరూ?" అంటూ గది వెనకనుంచి అన్నయ్య వచ్చాడు. లుంగీ మోకాళ్ళ పైకి కట్టి, రెండు చేతుల్లో రాలిన కాయలు పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏమే, నువ్వెందుకొచ్చావ్?" అన్నాడు.

ఎందుకొచ్చానో గట్టిగానే చెప్పాను. తిట్టాను, ఏడ్చాను, మళ్ళీ తిట్టాను. కొమ్మ పడినప్పుడు మంచం రెండో మూలన ఉందట. ఫోను నీళ్ళ తొట్టిలో పడిందట. మోకాలు కొట్టుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. నా సంచిలోని నాలుగిడ్లీలూ నిలబడే తినేశాడు. అన్నయ్య తింటుంటే చూస్తూ కూర్చోవడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాతో రమ్మంటే మాత్రం, కాయ ఏరించాలి, రానన్నాడు.

పన్నెండు దాటాక సుబ్బారావు గారి మనుషులు వచ్చారు. వాళ్ళకి అన్నయ్యని అప్పజెప్పి ఒంటిగంటన్నర బస్సు పట్టుకున్నాను. నా వెనక ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఎవరు దారి చెప్పినా ఒక్క ప్రశ్న అడగండి: అది వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా అని. తప్పుదారి చెప్పే మనుషులు కారు వాళ్ళు. ఎవరి పని ఎటు నడిస్తే అటు నిలబడి చెప్తారు, అంతే.

నూజివీడు దగ్గర పడుతుండగా ఫోన్లో సిగ్నల్ వచ్చింది. వదిన మొదటి రింగుకే ఎత్తింది. బాగానే ఉన్నాడని చెప్పినా నమ్మలేదు.

"నిజం చెప్పు లలితా. ఏం చేస్తున్నారు?"

"కాయంతా రాలిపోయిందని తిడుతున్నాడు వదినా."

"ఎవర్ని?"

"గాలిని."

"గట్టిగా తిడుతున్నారా?"

"గట్టిగానే. రోడ్డు మీదికి వినపడేలాగ."

అప్పటిదాకా బిగబట్టుకున్న వదిన ఫోన్లో భోరున ఏడ్చేసింది.