ఆటపెట్టెల కంపెనీకి తాళం

పటాన్‌చెరులో వీడియో గేమ్ పెట్టెలు తయారుచేసే కంపెనీ ఒకటి ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఉండేది. ఒక రేకుల షెడ్డు, కొద్దిమంది పనివాళ్లు. అది మూతబడితే ఎవరూ ఏడవలేదు. నేను మాత్రం తిట్టాను. ఇప్పటికీ తిడుతున్నాను.

అప్పుడు నేను బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడిని. మొదటి షిఫ్టు అయ్యాక కంపెనీ బస్సు పటాన్‌చెరులో దింపితే, కాళ్లు ఇంటికి కాక భాయ్ నడిపే వీడియో గేమ్‌ల దుకాణానికి పోయేవి. అక్కడ ఆ కంపెనీ చేసిన కారు ఆట ఉండేది. హ్యాండిల్ ఎడమకూ కుడికీ తిప్పుతూ లారీలను తప్పించుకోవాలి. పెళ్లాం పిల్లలున్నవాడిని, అయినా సిగ్గుపడలేదు. పొద్దంతా ఒకడు తిప్పమన్న వాల్వు తిప్పిన చేతులు అక్కడ నా మాట వినేవి.

అందరికంటే ఎక్కువ పాయింట్లు వస్తే పెట్టె పేరడిగేది. ఇంగ్లీషులో మూడు అక్షరాలు. హ్యాండిల్ పైకి నూకితే ఏ పోయి బీ వస్తుంది, బీ పోయి సీ. నాకు ఒక్క అక్షరమూ రాదు. బటన్ మూడుసార్లు నొక్కేస్తే ఏ, ఏ, ఏ అని మూడు ఏలు పడేవి. చదువురానివాళ్లందరం అదే చేసేవాళ్లం. ఒకరోజు తెర మీద ఐదు వరుసల్లోనూ అవే మూడు ఏలు. పైది నాది. మా ఫ్యాక్టరీలోనే డ్రమ్ములెత్తేవాడు తనదన్నాడు.

"నీదైతే నీ పేరేది?" అన్నాను.

"నీదేది మరి? ఇద్దరిది ఒక్కటే పేరాయె. ఇగ రేషన్ కార్డు గూడ ఒక్కటే తీసుకుందం పా కాకా."

భాయ్ గల్లా దగ్గర నుంచి లేవకుండానే అన్నాడు: "లడాయి ఎందుకు? సదువురాని అన్‌పడ్‌లందరిది ఒక్కటే ఖాందాన్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఆ నెలలోనే పెద్దవాళ్ల చదువు తరగతికి పోయి కూర్చున్నాను. ముందు తెలుగు. బలపం పడితే ఫ్యాక్టరీ మందునీళ్లకు పగిలిన వేళ్లు మండేవి. తరువాత పంతులును బతిమాలి ఇంగ్లీషు కూడా దిద్దాను. ఏడాది పట్టింది.

పేరు రాయడం వచ్చేదాకా భాయ్ దుకాణం గడప తొక్కలేదు. వెళ్లిన నాడే అందరినీ దాటాను. పెట్టె పేరడిగింది. హ్యాండిల్ పైకి నూకాను. ఏ కదల్లేదు.

"పైకి కిందికి పోయేది ఖరాబైంది కాకా," అన్నాడు భాయ్. "కారుకు పక్కలకు తిరిగితే సాలు గద, పేరెవరు అడుగుతరు?"

"నేనడుగుతున్న. బాగుచేయించు."

"కంపెనీవోళ్లు రావాలె. కబురు వెట్టి రెండు నెలలాయె."

ఆదివారం నేనే ఆ షెడ్డుకు పోయాను. గేటుకు తాళం. పైన బోర్డు కూడబలుక్కుని చదివాను. ఇన్నేళ్లు నేనాడిన పెట్టె చేసిన కంపెనీ పేరు నాకు ఆరోజే తెలిసింది.

"ఢిల్లీ మాల్ సస్తాగ, తక్కువ ధరకే దొరుకుతుంటే వీళ్లది ఎవ్వలు కొంటరు?" అన్నాడు వాచ్‌మన్. "సేటు కంపెనీ బందువెట్టి ఇంద్రేశంల ప్లాట్లు అమ్ముతుండు."

"ఒక్క హ్యాండిల్ కావాలె. లోపల లేవా?"

"మస్తుగున్నయ్. తాళంచెవే నా తాన లేదు."

ఆడినవాడి పేరు తెర మీద నిలబెట్టాలని, నాకు తెలిసినంతలో, మొదట తోచింది ఆ కంపెనీకే. నన్నెవరూ పేరడగని రోజుల్లో అడిగింది అదే. అడిగి, నేను జవాబు నేర్చుకుని వచ్చేసరికి గేటు మూసుకుంది.

మర్నాడు మళ్లీ ఆడాను, మళ్లీ దాటాను. పెట్టె పేరడిగింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పెట్టె కాసేపు చూసి, తనంతట తానే అదే మూడు ఏలు వేసుకుంది.

వెనక నుంచి డ్రమ్ములవాడు అన్నాడు: "అది నాదే కాకా."

కాదనడానికి నా దగ్గర ఏముంది?